బోరా లాస్కిన్

బోరా లాస్కిన్ (అక్టోబరు 5, 1912 - మార్చి 26, 1984) కెనడా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి, న్యాయశాస్త్ర ఆచార్యుడు, కార్మిక వివాదాలలో పేరెన్నికగన్న మధ్యవర్తి. కెనడా అత్యున్నత న్యాయస్థానంలో నియమితుడైన మొట్టమొదటి యూదు న్యాయమూర్తి ఈయనే. రాజ్యాంగ చట్టం, పౌర హక్కుల విషయంలో ఈయన పేరు ఎక్కువగా వినబడుతుంది. అయితే ఒక కంపెనీని నడిపించే పెద్దలు ఆ కంపెనీ పట్ల ఎంతవరకు విశ్వాసపాత్రులుగా ఉండాలి, పదవి వదిలిన పిమ్మట ఆ బాధ్యత కూడా వదిలిపోతుందా అన్న ప్రశ్నలకు కెనడా న్యాయస్థానాలు నేటికీ ఆధారంగా తీసుకునే తీర్పు కూడా ఈయన వ్రాసినదే.

బాల్యం, విద్యాభ్యాసం

లాస్కిన్ ఒంటారియో రాష్ట్రంలో సుపీరియర్ సరస్సు ఒడ్డున గల ఫోర్ట్ విలియం పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం 1970లో పొరుగున ఉన్న పోర్ట్ ఆర్థర్‌తో కలిసి థండర్ బే నగరంగా ఏర్పడింది. తల్లిదండ్రులు రష్యా నుండి వలస వచ్చిన యూదులు. తరువాతి కాలంలో ఈయన సోదరుడు సాల్ లాస్కిన్ థండర్ బే నగరానికి తొలి మేయరు అయ్యాడు.

టొరంటో విశ్వవిద్యాలయంలోను, ఆస్గుడ్ హాల్ న్యాయ కళాశాలలోను చదివి, 1937లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందాడు. ఇంత చదువు చదివి టొరంటోకు తిరిగివచ్చిన ఆయనకు అక్కడి పెద్ద న్యాయవాద సంస్థలలో చోటు దొరకలేదు. ఆనాటి టొరంటోలో బ్యాంకులు, బీమా కంపెనీలు, కర్మాగారాల వ్యవహారాలు చూసే సంస్థలు యూదులను దాదాపుగా చేర్చుకునేవి కావు. జీవనోపాధికై కొంతకాలం ఒక తీర్పుల సంగ్రహానికి సారాంశాలు వ్రాసిపెట్టే పని చేశాడు. వందలాది తీర్పులను క్షుణ్ణంగా చదివి నాలుగు వాక్యాలలో కుదించే ఈ పని వలన ఆయనకు ఆదాయం స్వల్పమే గాని, చట్టం మీద పట్టు మాత్రం అపారంగా చిక్కింది. 1938లో పెగ్గీ టెనెన్‌బామ్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

అధ్యాపకుడు, మధ్యవర్తి

1940లో టొరంటో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, మధ్యలో 1945 నుండి 1949 వరకు ఆస్గుడ్ హాల్‌లో బోధించాడు. న్యాయవిద్య కేవలం వృత్తి శిక్షణగా ఉండాలా, విశ్వవిద్యాలయ చదువుగా ఉండాలా అన్న వివాదంలో ఆస్గుడ్ హాల్ పాలకవర్గంతో విభేదించి, సీజర్ రైట్‌తో కలిసి రాజీనామా చేసి మళ్ళీ టొరంటో విశ్వవిద్యాలయానికే వచ్చాడు. అదే 1949లో కెనడా నుండి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీళ్ళు వెళ్ళడం నిలిచిపోయింది. (భారతదేశం కూడా ఆ సంవత్సరమే ప్రీవీ కౌన్సిల్‌తో సంబంధం తెంచుకున్నది.) ఇక కెనడా సుప్రీం కోర్టు తన కాళ్ళ మీద తాను నిలబడి, దేశ పరిస్థితులకు తగిన న్యాయాన్ని రూపొందించుకోవాలని లాస్కిన్ గట్టిగా వాదించాడు. 1951లో వెలువడిన ఆయన రాజ్యాంగ చట్ట గ్రంథం తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమయ్యింది.

బోధనతో పాటు యాజమాన్యాలకు, కార్మిక సంఘాలకు మధ్య వచ్చే తగాదాలలో మధ్యవర్తిగా వ్యవహరించాడు. వీటిలో ప్రసిద్ధమైనది సార్నియా పట్టణంలోని పాలిమర్ కార్పొరేషన్ అనే కృత్రిమ రబ్బరు కర్మాగారం వివాదం. ఒప్పందానికి విరుద్ధంగా కార్మిక సంఘం సమ్మె చేసిందని, తమకు నష్టపరిహారం ఇప్పించాలని కంపెనీ కోరింది. పరిహారం ఇప్పించే అధికారం మధ్యవర్తికి ఉన్నదని ఒప్పందంలో ఎక్కడా వ్రాసి లేదు. అయినప్పటికీ, మాట తప్పినవారి చేత నష్టం పూడ్పించలేని ఒప్పందానికి అర్థం లేదన్న ఉద్దేశంతో ఆ అధికారం తమకు ఉన్నదని లాస్కిన్ అధ్యక్షతన గల మండలి నిర్ణయించింది. 1962లో సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. ఆ కేసులో ప్రతివాదిగా లాస్కిన్ పేరే ఉండడం ఒక విశేషం. ఆయనను కార్మికపక్షపాతిగా మాత్రమే చిత్రించేవారు ఈ నిర్ణయాన్ని మరచిపోతుంటారు.

కెనడియన్ ఏరో సర్వీస్ కేసు

1965లో ఒంటారియో అప్పీలు కోర్టులోను, 1970లో ప్రధాని పియరీ ట్రూడో ప్రభుత్వ కాలంలో సుప్రీం కోర్టులోను న్యాయమూర్తిగా నియమితుడయ్యాడు. వ్యాపార రంగానికి సంబంధించి ఆయన వ్రాసిన అతి ముఖ్యమైన తీర్పు 1973 జూన్‌లో వెలువడింది.

కెనడియన్ ఏరో సర్వీస్ అనేది విమానాల ద్వారా భూమిని సర్వే చేసి పటాలు తయారుచేసే కంపెనీ. దక్షిణ అమెరికాలోని గయానా దేశంలో, కెనడా ప్రభుత్వ సహాయ నిధులతో చేపట్టదలచిన ఒక పెద్ద సర్వే పని కోసం ఈ కంపెనీ కొన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నది. ఆ ప్రయత్నమంతా నడిపినవారు కంపెనీ ప్రెసిడెంటు, ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంటు. 1966 ఆగస్టులో వారిద్దరూ రాజీనామా చేసి, టెర్రా సర్వేస్ అనే సొంత కంపెనీ స్థాపించారు. కొద్ది నెలలలోనే ఆ పని పాత కంపెనీకి గాక ఈ కొత్త కంపెనీకి దక్కింది.

పాత కంపెనీ దావా వేయగా, క్రింది కోర్టులు రెండూ కొట్టివేశాయి. మనుషులు ఉద్యోగం మానవచ్చును. మానినవారు సొంత వ్యాపారం పెట్టుకోవచ్చును. తాము నేర్చిన విద్యను వాడుకోవచ్చును. ఇవన్నీ చట్టం ఒప్పుకున్నవే. పోటీ లేనిదే వ్యాపారం లేదు. మరి తప్పు ఎక్కడ ఉన్నది?

లాస్కిన్ దీనికి సమాధానం చెబుతూ, ఈ ఇద్దరూ మామూలు ఉద్యోగులు కారని, డైరెక్టర్ల మాదిరిగానే కంపెనీ తన నమ్మకాన్ని ఉంచిన పెద్దలని తేల్చాడు. కంపెనీ వెంటపడుతున్న, దాదాపు పక్వానికి వచ్చిన వ్యాపార అవకాశాన్ని అటువంటివారు తమ కోసం తీసుకోరాదు. ఆ అవకాశాన్ని చేజిక్కించుకోవాలనే ఉద్దేశంతోనే రాజీనామా చేస్తే, రాజీనామా వారిని రక్షించదు. వారు వెళ్ళకపోయినా ఆ పని కంపెనీకి వచ్చేదో రాదో నిరూపించవలసిన అవసరం కూడా లేదు. వారికి లభించిన లాభమే లెక్క చెప్పవలసినది. వారిద్దరూ, వారి కంపెనీ కలిసి 1,25,000 డాలర్లు చెల్లించాలని కోర్టు ఆదేశించింది.

అయితే ఈ తీర్పు పదవి వదిలిన ప్రతివారినీ జీవితాంతం కట్టిపడేసేది కాదు. నిర్వహించిన పదవి ఏది, అవకాశం ఎంత నిర్దిష్టమైనది, ఎంతవరకు పక్వమైనది, దానితో ఆ వ్యక్తికి గల సంబంధం ఏమిటి, సమాచారం ఎట్లా తెలిసింది, పదవి వదిలి ఎంతకాలమైనది, తానై వదిలాడా లేక తొలగించబడ్డాడా అన్నవి చూసి ప్రతి కేసును విడిగా నిర్ణయించాలని లాస్కిన్ చెప్పాడు. ఈ చివరి అంశం చాలా మంది గమనించరు. కంపెనీయే బయటకు పంపిన వ్యక్తిని, కాంట్రాక్టు కోసం బయటకు నడిచిన వ్యక్తిని ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. 1975లో వచ్చిన కెనడా వ్యాపార కార్పొరేషన్ల చట్టం డైరెక్టర్లు, అధికారులు నిజాయితీగా కంపెనీ శ్రేయస్సు కోసం పనిచేయాలని అక్షరబద్ధం చేసింది.

ప్రధాన న్యాయమూర్తి

1973 డిసెంబరు 27న లాస్కిన్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. కోర్టులో చేరి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. సీనియరు అయిన రోనాల్డ్ మార్ట్‌ల్యాండ్‌ను కాదని జరిగిన ఈ నియామకం న్యాయవాద వర్గాలలో కలకలం రేపింది. కోర్టు లోపల కూడా ఆయన తరచుగా మైనారిటీలోనే ఉండేవాడు. లాస్కిన్, స్పెన్స్, డిక్సన్ కలిసి భిన్నాభిప్రాయం వ్రాయడం పరిపాటి కావడంతో, ముగ్గురి పేర్ల తొలి అక్షరాలను బట్టి వీరికి ఎల్.ఎస్.డి. అనే చమత్కార నామం వచ్చింది.

అప్పటివరకు 10,000 డాలర్లకు మించిన ఏ సివిల్ వివాదమైనా హక్కుగా సుప్రీం కోర్టుకు రావచ్చును. దానితో కోర్టు సమయమంతా వ్యాపారుల సొంత తగాదాలకే సరిపోయేది. 1975లో జరిగిన చట్ట సవరణతో ఈ హక్కు పోయి, దేశానికంతటికీ ముఖ్యమైన ప్రశ్న ఉన్నప్పుడే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది.

1976 నాటి రెండు తీర్పులు వ్యాపారాలకు బాగా పట్టేవి. వేపర్ కెనడా కేసులో, పార్లమెంటుకు వాణిజ్యంపై గల అధికారం ఎంతవరకు వెళ్ళగలదో సూచించే కొన్ని గుర్తులను లాస్కిన్ పేర్కొన్నాడు. ఆ కేసులో కేంద్ర చట్టపు నిబంధన చెల్లలేదు. కాని 1989లో పోటీ నియంత్రణ చట్టాన్ని సుప్రీం కోర్టు నిలబెట్టినప్పుడు ఆ గుర్తులే పునాది అయ్యాయి. వేతనాలు, ధరలపై ట్రూడో ప్రభుత్వం విధించిన అదుపును అత్యవసర పరిస్థితి ప్రాతిపదికన సమర్థించినది రెండవది.

1975లో వచ్చిన హారిసన్ - కార్స్‌వెల్ కేసులో ఆయన మైనారిటీలో మిగిలాడు. విన్నిపెగ్‌లోని ఒక షాపింగ్ సెంటరులో అద్దెకున్న దుకాణపు ఉద్యోగిని చట్టబద్ధమైన సమ్మెలో భాగంగా దుకాణం ముందు పికెటింగ్ చేసింది. స్థలం యజమానిది కనుక అది అక్రమ ప్రవేశమని మెజారిటీ తీర్పు చెప్పింది. మెజారిటీ తరఫున వ్రాసినది మిత్రుడైన డిక్సనే. వేలాదిమందిని లోపలికి ఆహ్వానించే షాపింగ్ సెంటరు, ప్రైవేటు ఇంటి వంటిది కాదన్నది లాస్కిన్ వాదన. పిమ్మట మానిటోబా శాసనసభ చట్టాన్ని సవరించి ఇటువంటి పికెటింగ్‌కు వీలు కల్పించింది.

1981లో రాజ్యాంగాన్ని స్వదేశానికి తెచ్చుకునే వివాదంపై సుప్రీం కోర్టు అభిప్రాయం ఆయన అధ్యక్షతనే వెలువడింది. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1982 నాటి హక్కుల పత్రంపై సుప్రీం కోర్టు తొలి తీర్పులు రాకమునుపే, పదవిలో ఉండగానే 1984 మార్చి 26న ఒట్టావాలో మరణించాడు. ఆయన తరువాత బ్రయాన్ డిక్సన్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

లాస్కిన్ కుమారుడు జాన్ లాస్కిన్ ఒంటారియో అప్పీలు కోర్టు న్యాయమూర్తిగా పనిచేశాడు. టొరంటో విశ్వవిద్యాలయపు న్యాయ గ్రంథాలయానికి, ఆయన స్వస్థలమైన థండర్ బేలోని లేక్‌హెడ్ విశ్వవిద్యాలయంలో 2013లో ప్రారంభమైన న్యాయ కళాశాలకు ఆయన పేరు పెట్టారు.