ఉపాధ్యాయుని ఉద్యోగ ప్రస్థానం: రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

విద్యాశాస్త్రంలో పట్టము పొందినవారి ఉద్యోగజీవితం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్న మా కళాశాల విద్యార్థులకు ఊరక పుట్టిన ప్రశ్న కాదు. గూడూరు నుండి, చుట్టుప్రక్కల గ్రామాల నుండి డిగ్రీ ముగించిన యువతీయువకులలో అనేకులు ఏటేటా బి.ఎడ్. వైపు అడుగు వేస్తున్నారు. 2015 నుండి ఆ చదువు రెండు సంవత్సరాలది అయింది. ఆపైన డి.ఎస్.సి. కోసం నిరీక్షణ. 2018 నాటి డి.ఎస్.సి. తరువాత మరొక డి.ఎస్.సి. ద్వారా నియామకాలు జరగడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వెలువడిన ప్రకటనలో 16,347 పదవులు ఉన్నవి. నడుమ గడచిన ఏండ్లలో కొందరు ప్రైవేటు పాఠశాలలలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పారు. కొందరు సుద్దముక్క పారవేసి వేరే బ్రతుకుతెరువు చూచుకొన్నారు. పదవి దొరకినవారికి సైతం ఒక సందేహం మిగిలే ఉంటుంది. స్కూల్ అసిస్టెంటుగా చేరడం, ఎన్నో ఏండ్లకు ప్రధానోపాధ్యాయుడు కావడం, కాలం కలిసివస్తే ఉపవిద్యాధికారి కావడం, ఇంతేనా ఈ వృత్తి?

ఈ సందేహానికి సిద్ధాంతచర్చ కంటె ఒక జీవితచరిత్ర మేలైన సమాధానం ఇస్తుందని మేము తలచాము. అది దూరదేశపు మహనీయుని చరిత్ర కాదు. బందరు రోడ్డు మీద మన ఊరికి కూతవేటు దూరమనదగిన మచిలీపట్నంలో 1862 అక్టోబరు 1వ తేదీన జన్మించిన సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారిది. వారు ఎం.ఏ., ఎల్.టి. ఎల్.టి. అనగా ఆనాడు మదరాసు విశ్వవిద్యాలయం బోధనాభ్యాసం చేసినవారికి ఇచ్చిన పట్టము. ఎల్.టి. తరువాత బి.టి. వచ్చింది, బి.టి. తరువాత బి.ఎడ్. వచ్చింది, వరుస కలిపితే నేటి బి.ఎడ్.కు అది తాత అవుతుంది. నాయుడుగారిని సంఘసంస్కర్తగా, బ్రహ్మసమాజ నాయకుడుగా, బ్రహ్మర్షిగా లోకం ఎరుగును. మేము ఇక్కడ వారిని ముఖ్యంగా ఒక ఎల్.టి. పట్టభద్రుడుగా చూడదలచాము.

వారి తండ్రి సైన్యంలో సుబేదారు. పటాలం ఎక్కడికి పోతే కుటుంబమూ అక్కడికే. అందుచేత బందరులో పుట్టిన బాలుని తొలి చదువు ఎక్కడో చాందాలో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, సాగింది. హిందీ, ఉర్దూ, పారసీ భాషలు అక్కడ అలవడినవి. తరువాత తండ్రి బదిలీతో హైదరాబాదు చేరి నిజాం ఉన్నత పాఠశాలలో చదివారు. మా ఉర్దూ శాఖ విద్యార్థులు ఈ సంగతి వద్ద ఒక్క క్షణం ఆగాలని మా కోరిక. ఉర్దూలో చదువు మొదలుపెట్టినవానికి పై చదువుల ద్వారాలు మూసుకొనిపోవునన్న భయం మన ఇండ్లలో తరచుగా వినిపిస్తుంది. ఉర్దూ, పారసీల నడుమ బాల్యం గడపిన ఈ బాలుడు మదరాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లి, ఆంగ్లసాహిత్యంలో ఎం.ఏ. పట్టం పుచ్చుకొని, ఆంగ్ల వక్తగా దక్షిణదేశమంతటా పేరు గడించాడు. భాషలు ఒకదానికొకటి అడ్డు రావని వేరే నిరూపించనక్కరలేదు.

క్రైస్తవ కళాశాలలో ఆయనకు గురువు విలియం మిల్లర్ దొర. పాఠ్యగ్రంథం ముగించడంతో ఉపాధ్యాయుని పని ముగియదనీ, విద్యార్థి శీలాన్ని తీర్చడం సైతం కళాశాల బాధ్యతయేననీ నమ్మిన విద్యావేత్త ఆయన. శిష్యుడు గురువుగారి మతం స్వీకరించలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. కాని ఆ నమ్మకాన్ని మాత్రం సంపూర్ణంగా స్వీకరించాడు.

మదరాసులో కొంతకాలం బోధించిన పిదప నాయుడుగారు స్వస్థలమైన బందరుకు, నోబుల్ కళాశాలకు వచ్చారు. రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన ఆ విద్యాలయం అప్పటికే కృష్ణా మండలానికంతకూ చదువుల నిలయం. ముప్పది ఏండ్లు నిండకముందే భార్యావియోగం కలిగినా వారు పునర్వివాహం చేసుకొనలేదు. నాటినుండి తెల్లని వస్త్రాలే ధరించారు. ఇక వారికి తరగతియే కుటుంబం. 1890 ప్రాంతపు పట్టణాలలో పెండ్లి అయినా, దొరల విందు అయినా భోగంమేళం పెట్టించడం మర్యాదగా చెల్లుతుండేది. ఆ ఆచారాన్ని నాయుడుగారు బాహాటంగా నిరసించారు. అటువంటి వేడుకలకు వెళ్లబోమని విద్యార్థుల చేత, పెద్దల చేత ప్రతిజ్ఞలు చేయించారు. సాంఘిక పవిత్రతోద్యమమని దానికి పేరు. ఆ ఉద్యమం నర్తకీమణుల పక్షాన నిలబడినదా, వారిని మరింత వెలివేసినదా అన్న విమర్శ తరువాతి కాలంలో వచ్చింది. ఆ విమర్శలో కొంత న్యాయం ఉన్నదని మేమూ ఒప్పుకొంటాము. కాని జీతానికి పాఠం చెప్పే ఒక ఉపాధ్యాయుడు పట్టణపు పెద్దమనుష్యుల అలవాటును వేలెత్తి చూపడం ఆనాడు సామాన్యమైన సాహసం కాదు.

ఆ తరగతులలో కూర్చున్నవారిలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఒకరు, ముట్నూరి కృష్ణారావుగారు ఒకరు. మొదటివారు వైద్యులై, 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు నెలకొల్పారు. రెండవవారు 1907 నుండి 1945లో కన్నుమూసేదాకా కృష్ణాపత్రికను నడిపించారు. కోపల్లె హనుమంతరావుగారితో కలిసి వీరిరువురూ 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. గురువు ఆంగ్ల ప్రభుత్వం ఇచ్చిన గౌరవాలు స్వీకరించినవాడు. శిష్యులు ఆ ప్రభుత్వాన్ని ఎదిరించినవారు. ఉపాధ్యాయుని ప్రభావం ఆయన ఊహించిన త్రోవలోనే పోవాలన్న నియమం లేదు.

1899లో వారి ఉద్యోగంలో మొదటి పెద్ద మార్పు వచ్చింది. సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలకు ప్రధానాధ్యాపకుడుగా వెళ్లారు. ఆ విద్యాలయం పుట్టినదీ నాయుడుగారు పుట్టిన 1862లోనే కావడం ఒక కాకతాళీయం. బోధకుడు అధిపతి కావడం ఈ వృత్తిలో అన్నిటికంటె కష్టమైన మెట్టని మా అభిప్రాయం. నిన్నటిదాకా ముప్పదిమంది పిల్లల ముఖాలు చూచినవాడు నేడు లెక్కల పుస్తకం, ఫీజుల బకాయి, తోటి ఉపాధ్యాయుల అలకలు చూడవలసి వస్తుంది. మంచి ఉపాధ్యాయుడు మంచి ప్రధానోపాధ్యాయుడు అవుతాడన్న హామీ ఎక్కడా లేదు, బి.ఎడ్. పాఠ్యక్రమంలో దానికి దొరికే తర్ఫీదూ స్వల్పమే. నాయుడుగారికి చిన్ననాటి ఉర్దూ, దక్కను మర్యాదల పరిచయం అక్కడ అక్కరకు వచ్చి ఉంటాయని మేము భావిస్తాము. అయిదు సంవత్సరాలు అక్కడ గడిచినవి.

తరువాత కాకినాడ. 1904 ప్రాంతంలో పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రధానాధ్యాపకులై 1919 దాకా, అంటే రమారమి పదునైదు సంవత్సరాలు, అక్కడే ఉన్నారు. వారి ఉద్యోగజీవితంలో అతి ఫలవంతమైన కాలం ఇదే. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూరుగారికి నాయుడుగారియందు గురుభావం. పోషకుడైన ప్రభువూ, ఆదర్శం గల అధ్యాపకుడూ ఒకచోట కలవడం అరుదు. కళాశాలలో బాలురతోపాటు బాలికలను చేర్చుకొన్నారు. అస్పృశ్యులని సంఘం దూరం పెట్టిన కులాల పిల్లలకు తలుపులు తెరిచారు. ఫీజు కట్టలేని విద్యార్థులకు తమ జీతంలో నుండే సాయం చేశారు. అనాథ బాలబాలికలకు కాకినాడలో శరణాలయం ఏర్పడింది. ఈనాడు విద్యాలయాల ప్రవేశాలకు నియమావళి, రిజర్వేషను, ఉపకారవేతనం ఉన్నవి. ఆనాడు ఆ స్థానంలో ఒక ప్రధానాధ్యాపకుని నిశ్చయం మాత్రమే ఉన్నది. ఉపాధ్యాయుడు పదవిలో పైకి పోతే పిల్లలకు దూరమవుతాడని మనం అంటాము. నిజమే. కాని పిల్లవానిని చేర్చుకొనే అధికారం తరగతిలోని బోధకునికి లేదు, ప్రధానాధ్యాపకునికి ఉన్నది. నాయుడుగారు పదవిని ఆ పనికి వాడుకొన్నారు.

కాకినాడ శిష్యుల ఉద్యోగజీవితాలు సైతం మన విషయానికి సంబంధించినవే. గుడిపాటి వెంకటచలంగారు అక్కడ చదువుతూ బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. తరువాత ఉపాధ్యాయులై, పాఠశాలల పర్యవేక్షకులై, ఆ ఉద్యోగం చేస్తూనే తెలుగుదేశాన్ని కలవరపెట్టిన నవలలు వ్రాశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఉపాధ్యాయ వృత్తితో మొదలుపెట్టి, కవియై, ఆకాశవాణిలోను, సినిమారంగంలోను పనిచేశారు. బోధన నేర్చినవాడు బోధనలోనే ఉండిపోవాలన్న శాసనం ఆనాడూ లేదు. మాట పొందికగా చెప్పడం, ఎదుటివాని గ్రహణశక్తిని అంచనా కట్టడం అన్న విద్యలు పత్రికకు, రేడియోకు, పాఠ్యపుస్తక రచనకు, చివరకు కార్యాలయ నిర్వహణకు సైతం పనికివస్తాయి.

1919లో కాకినాడ పదవి వదలినప్పుడు వారికి 57 ఏండ్లు. ప్రభుత్వోద్యోగి అయితే పింఛను పుచ్చుకొని విశ్రమించే వయస్సు. 1924లో సర్ బిరుదం లభించింది. 1925లో మదరాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు; 1928 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఈ కాలంలోనే, 1926లో, బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు మండలాల కళాశాలలు మదరాసు నుండి విడిపోయి క్రొత్త విశ్వవిద్యాలయంలో చేరినవి. తాము చదువు చెప్పిన నోబుల్ కళాశాల, తాము పెంచిన కాకినాడ కళాశాల తమ ఏలుబడి నుండి వెళ్లిపోతుండగా మదరాసు పీఠం మీద ఉన్నది ఒక బందరు తెలుగువాడు! ఇందులో వైరానికి తావు లేకపోయింది. 1927లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే వారికి గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది.

ఎల్.టి. చదివిన ప్రతివాడూ ఉపకులపతి కాగలడని మేము చెప్పబోవడం లేదు. అలా చెబితే అది బూటకం అవుతుంది. ఆనాడు పట్టభద్రులు బహుస్వల్పం, ఎం.ఏ. చదివిన తెలుగువానికి పదవులు ఎదురు వచ్చేవి. నేడు మన పిల్లలు పదవికి ఎదురు పోవాలి. నాయుడుగారికి పోషించవలసిన సంసారం లేదు గనుక జీతం పరులకు పెట్టగలిగారు. తల్లిదండ్రులను, చెల్లెలి పెండ్లిని మోసే గూడూరు కుర్రవానిని అట్లే చేయమనడం అన్యాయం. అయినా దారులు పూర్తిగా మూసుకొనిపోలేదు. బి.ఎడ్. తరువాత ఎం.ఎడ్., దానిపైన నెట్ లేక పిహెచ్.డి. చేసినవారికి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో అధ్యాపక పదవులు ఉన్నవి. స్కూల్ అసిస్టెంటుకు శాఖాపరీక్షలు ప్యాసయితే ప్రధానోపాధ్యాయ పదవికి దారి ఉన్నది. 2008 నుండి మచిలీపట్నంలోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఉన్నది. నాయుడుగారి కాలంలో ఈ ప్రాంతపు విద్యార్థి ఎం.ఏ.కు మదరాసు రైలు ఎక్కవలసి ఉండేది.

ఉపకులపతి పదవి ముగిసిన తరువాత నాయుడుగారు తిరిగి తమకు ప్రీతిపాత్రమైన సమాజసేవలోను, అనాథుల పోషణలోను కాలం గడిపారు. 1939 మే 26వ తేదీన పరమపదించారు. అప్పటికి బందరులో ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రిక సంపాదకీయాలు వ్రాస్తూనే ఉన్నారు. నోబుల్ తరగతిలోని రెండవ శిష్యుడు పట్టాభిగారు సుభాస్ చంద్ర బోసుపై కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయి అప్పటికి నాలుగు నెలలు అయింది.