ప్రజలిచ్చిన నిధి - పంతులు గారి లెక్క

ఒంగోలు: మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి మాట వస్తే ఎవరైనా తుపాకీకి గుండె చూపిన సంగతే ముందు చెబుతారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో జరిగిన ఆ ఘట్టం బడి పిల్లలకు సైతం తెలుసు. కాని పంతులు గారికి అంతకంటె కఠినమైన పరీక్ష 1946లో ఎదురైంది. అది డబ్బు లెక్కకు సంబంధించినది. లెక్క అడిగినవారు తెల్లదొరలు కారు, సాక్షాత్తు గాంధీ మహాత్ముడు.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు చేరువలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు కరణీకం చేసేవారు. పదకొండో ఏటనే తండ్రి పోవడంతో కుటుంబం దిక్కులేనిదైంది. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లలను పోషించారు. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు పుట్టక, ఆ తల్లి తన పట్టుచీర కుదువబెట్టవలసి వచ్చింది. గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు చేరదీసి రాజమహేంద్రవరం తీసుకువెళ్ళి చదివించారు.

అక్కడే ప్లీడరై, పురపాలక సంఘం అధ్యక్షుడై, అటు పిమ్మట ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. మద్రాసు హైకోర్టులో ఆయన ఆర్జన లక్షలకు చేరింది. మూడు రూపాయలకు ముఖం వాచిన ఇంట లక్ష్మి తాండవించింది.

1921లో గాంధీజీ పిలుపు మీద ఆ వృత్తిని ఒక్కసారిగా వదిలివేశారు. ప్రజల వద్ద వాటాలు సేకరించి స్వరాజ్య పత్రికను స్థాపించారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో నడిపిన ఆ పత్రిక ఆయన ఆస్తిని కర్పూరంలా హరించివేసింది. చివరకు పత్రికా నిలువలేదు, ఆస్తీ మిగలలేదు. వాటాలు కొన్నవారిలో నష్టపోయి నొచ్చుకున్నవారు లేకపోలేదు. పంతులు గారికి పత్రిక నడపడం తెలుసు గాని లెక్కలు నడపడం తెలియదన్న మాట అప్పుడే పుట్టింది.

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ రైతుల కష్టాలపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. జమీను గ్రామాల రైతులు ఆయనను తమవాడనుకున్నారు. 1942 ఉద్యమంలో అరెస్టయి, మూడేళ్ళు జైలులో గడిపి 1945లో విడుదలయ్యారు. అప్పటికి డెబ్బది ఏళ్ళు దాటినాయి, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆంధ్ర దేశమంతా తిరిగితే ఊరూరా జనం నిధులు సమర్పించారు. ఆ సొమ్మును ఆయన తన ఖర్చులకు కూడా వాడుకున్నారు.

ఇదే వివాదానికి దారితీసింది. ప్రజా నాయకునికి ప్రజలిచ్చినది ప్రజాకార్యానికే చెందుతుందని, సొంతానికి వాడుకున్నవారు ప్రధాని పదవికి తగరని గాంధీజీ అభిప్రాయపడ్డారు. పంతులు గారి వాదన వేరు. తాను సర్వమూ పోగొట్టుకున్నానని ఎరిగిన ప్రజలు తన పోషణకే ఇచ్చారని, ఇందులో దాపరికం లేదని ఆయన సమాధానమిచ్చారు. గాంధీజీ తృప్తి చెందలేదు. కాంగ్రెసు పెద్దలకు రాజాజీ ప్రధాని కావాలని ఉండగా మద్రాసు శాసనసభ్యులు అంగీకరించలేదు. ముత్తురంగ మొదలియారుపై పోటీచేసి నెగ్గిన ప్రకాశం గారు 1946 ఏప్రిల్ 30న మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు.

పదవి నిండా ఏడాదైనా నిలువలేదు. ఫిర్కా అభివృద్ధి పథకం ప్రారంభించారు. ఖద్దరు కోసం కొత్త బట్టల మిల్లుల విస్తరణకు అడ్డుకట్ట వేశారు. మిల్లుదార్లకు కంటగింపైంది. పార్టీలో ముఠాలు పెరిగాయి. 1947 మార్చిలో సొంత పార్టీవారే ఆయనను దించగా ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రధాని అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు 81 ఏళ్ళ వయస్సులో కర్నూలులో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనిదే. 1954 నవంబరులో మద్య నిషేధం ప్రశ్నపై ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఎండలో ఒంగోలు ప్రాంత హరిజనవాడలు తిరిగి వడదెబ్బ తిన్న ఆయన, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. చివరి రోజులు ఇబ్బందులతోనే గడిచాయి. బెజవాడలో కృష్ణపై ఆనకట్టకు, 1972లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

మరి నిధుల విషయంలో తప్పెవరిది? పంతులు గారు దాచుకున్నదేమీ లేదనడానికి ఆయన చివరి రోజులే సాక్ష్యం. ఆ సొమ్ముతో మేడలు కట్టలేదు, పొలాలు కొనలేదు. అయితే దాచుకోకపోవడం వేరు, లెక్క చెప్పడం వేరు. ఊరి గుడికి చందా వసూలు చేసిన పెద్దమనిషి ఎంత నిజాయితీపరుడైనా, చీటీ రాసి నలుగురిలో చదివితేనే పది కాలాలు మాట నిలుస్తుంది. ఇచ్చిన జనానికి పంతులు గారి మీద అనుమానం లేదు. అనుమానం లేదు గనుక వారు లెక్క అడగలేదు, వారు అడగలేదు గనుక ఆయన రాయలేదు. ఒక్క పుస్తకం రాసి ఉంచితే ఆయన శత్రువుల చేతికి ఆ ఆయుధం చిక్కేది కాదు.

ఆ రోజుల్లో అంతటి నాయకుని, అంతటి త్యాగిని సైతం సొంత గురువే లెక్క అడిగారు. అడిగినందుకు గాంధీజీని ఎవరూ ద్రోహి అనలేదు, ఎదురు చెప్పినందుకు పంతులు గారిని ఎవరూ వెలివేయలేదు. ఓటు అడగ వచ్చే వారిని లెక్క అడగడానికి మన పల్లెలవారు మొగమాటపడితే, అది పంతులు గారి జిల్లావారికి తగదు.