హాస్యనటుడు - చిత్రభారము

నాలుగు మాటలతో సభనంతయు నవ్వింపగలిగిన మనుజుడు రెండున్నర గంటల చలనచిత్రమును తానొక్కడే మోయగలడా యను ప్రశ్న నేడు మఱల వినబడుచున్నది. వేషము లేక, తెర లేక, మైకు ముందర ఒంటరిగా నిలిచి నోటిమాటచేతనే జనులను నవ్వించు యువకులు పట్టణములలో బయలుదేరినారు. టిక్కెట్టు కొని వారిని వినబోవువారును గలరు. అట్టివానిని నాయకునిగా నిలిపి చిత్రము తీసినచో పెట్టిన ధనము తిరిగివచ్చునా యనుట వ్యాపారుల సంశయము. ఈ సంశయమునకు కడపమండలమున, పులివెందుల తాలూకాలో పుట్టిన యొక నటుని జీవితమే సమాధానము చెప్పుచున్నదని మా యభిప్రాయము. ఆయన శ్రీ బసవరాజు వేంకటపద్మనాభరావుగారు, లోకమునకు పద్మనాభము.

ప్రశ్న క్రొత్తది కాదు. మన పూర్వులు విదూషకుని రాజునకు చెలికానిగా నిలిపిరేగాని రాజుపీఠమున కూర్చుండబెట్టలేదు. హాస్యమునకు పూర్తిగా పట్టముగట్టిన రూపకమునకు ప్రహసనమని పేరు. ఏడవ శతాబ్దిని పల్లవరాజగు మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసము అట్టిది, అది ఏకాంకము. నవ్వు ఒక్క యంకమును ఒంటరిగా మోయగలదు. పెక్కంకముల కథకు నవ్వుతోపాటు మఱియొకటి కావలెను. ఆ మఱియొకటి యేది యనునదే విచారణీయము.

శ్రీ పద్మనాభముగారు 1931వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సింహాద్రిపురమున జన్మించిరి. ఆ ప్రాంతమువారికి పట్టణములనగా పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. వాన కురిసిన జొన్నయు శనగయు పండు నేల. కురియకున్న అప్పు పండు నేల. ఇట్టి సీమలో వినోదమునకు వెచ్చించు ప్రతి కాసునకును లెక్కయుండును. రాత్రియెల్ల నాటకము చూచువారు పద్యము బాగున్న మఱల పాడింతురు, బాగులేకున్న లేచిపోవుదురు. 1885లో కీచకవధతో ప్రారంభమై ఆంధ్రదేశమంతట పేరొందిన సురభి నాటకసమాజమునకు ఆ పేరు ఈ మండలమందలి సురభి గ్రామమునుండియే వచ్చినది. పద్యమునకు చెవియొగ్గు ఈ వాతావరణమున పెరిగిన పద్మనాభముగారు బాల్యముననే పాటలు పద్యములు పాడుచు నాటకరంగమునకు ఆకర్షితులైరి. ఆయన హాస్యమున గొంతును లయయు కలిసియుండుటకు ఇదియే హేతువు. వట్టి ముఖవికారముచే నవ్వించువాడు కాదాయన. పాత్రను పట్టి నవ్వించువాడు.

పదునాలుగేండ్లు నిండీ నిండకమున్నే మదరాసు చేరి, శ్రీమతి కన్నాంబ, శ్రీ కడారు నాగభూషణముగార్ల ఆదరమున 1945 నాటి పాదుకాపట్టాభిషేకము చిత్రముతో తెరకెక్కిరి. 1950లో విజయాసంస్థవారి షావుకారులోను, 1951లో పాతాళభైరవిలోను వేషములు లభించినవి. మాంత్రికుని శిష్యుడైన సదాజపుడుగా ఆయనను తెలుగుదేశమంతయు గుఱుతుపట్టినది. ఆ విజయాసంస్థ యధిపతులలో నొకరైన శ్రీ బి. నాగిరెడ్డిగారును, ఆయన యన్నగారు, మహాదర్శకులు శ్రీ బి. ఎన్. రెడ్డిగారును పులివెందుల ప్రాంతమువారే. ఒకే సీమనుండి నిర్మాతయు వచ్చెను, దర్శకుడును వచ్చెను, విదూషకుడును వచ్చెను. కాని విదూషకుని స్థానము విదూషకునిదిగనే యుండెను. నాయకుని ప్రక్క నిలిచి, నాయకుడు విశ్రమించినపుడు కథను రెండు నిముషములు నవ్వుతో నడిపి, మఱల ప్రక్కకు తొలగుట - ఇదియే హాస్యనటుని యుద్యోగము.

ఆ గీటును దాటినవారు పద్మనాభముగారికి ముందును లేకపోలేదు. కాకినాడవారగు శ్రీ కస్తూరి శివరావుగారు మూకీచిత్రముల కాలమున చిత్రశాలలో నిలిచి, బొమ్మ కదలుచుండగా కథను వ్యాఖ్యానించి జనులను రంజింపజేసినవారు. నేటి మైకుపట్టిన హాస్యకారునకు ఆయనను పితామహుడనవచ్చును. 1949లో శ్రీ కె. వి. రెడ్డిగారు వాహినీ పతాకమున గుణసుందరికథను తీయుచు ఆయననే నాయకుని చేసిరి. వికృతరూపముతో కనబడు భర్తగా, లోకము నవ్వుచుండగా భార్య గౌరవించు భర్తగా శివరావుగారు నిలిచిరి, చిత్రము జయించెను. మఱుసటి యేడే ఆయన తానే దర్శకుడై పరమానందయ్య శిష్యులు తీసిరి. ఆ పిమ్మట సంపదయు ప్రాభవమును క్రమముగా తరిగి, 1966లో కష్టదశలో కన్నుమూసిరి. ఒకే మనుజుని చరిత్రలో ప్రశ్నకు రెండు సమాధానములును గలవు. గట్టి కథయు గట్టి దర్శకుడును తోడున్నపుడు హాస్యనటుడు చిత్రమును మోసెను. సర్వభారమును తానే తలకెత్తుకొన్న పిదప క్రుంగిపోయెను.

ఈ చరిత్ర కండ్లయెదుట నుండగనే పద్మనాభముగారు సాహసమునకు పూనుకొనిరి. మిత్రులు శ్రీ వల్లం నరసింహారావుగారితో గూడి నడపిన రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ నాటకసంస్థను చిత్రనిర్మాణసంస్థగా మార్చిరి. ప్రథమచిత్రము 1965 నాటి దేవత. అందు నాయికానాయకులు శ్రీమతి సావిత్రి, శ్రీ నందమూరి తారకరామారావుగార్లు. నిర్మాతగారిది మాత్రము హాస్యవేషమే. ఇది వినయము మాత్రమే కాదు, వివేకము కూడ. నాయకత్వమును తాను తీసికొనుటకు పూర్వము సంస్థకు పునాది వేసికొనిరి. 1966లో పొట్టిప్లీడరు, 1967లో శ్రీ శ్రీ శ్రీ మర్యాదరామన్న వచ్చినవి. మొదటిదానిలో పొట్టితనమును పేరుననే చాటుకొనిరి. రెండవదానిలో తెలుగువారి కథలలో ధర్మనిర్ణయమునకు పేరుమోసిన రామన్నయే తామైరి. తరువాత 1971లో జాతకరత్న మిడతంభొట్లు.

ఈ కథల యెంపికను పాఠకులు గమనింపగోరుచున్నాము. మర్యాదరామన్నను మొదట లోకము వెఱ్ఱివాడనుకొన్నది. మిడతంభొట్లుకు శాస్త్రము రాదు. నోట జాఱిన మాట నిజమై ఆయనను నిలబెట్టినది. వీరికి బలము లేదు, రూపము లేదు, ఖడ్గము లేదు. కథ నడచుట వీరి దౌర్బల్యముచేతనే. ఆజానుబాహువగు నాయకుని ఇట్టి కథలో నిలిపినచో కథ చచ్చును, ఏలయన అతడు ఓడునని యెవ్వరును భయపడరు. చిన్నవాడు పెద్ద చిక్కులో పడినపుడు మాత్రమే మనము మొదట నవ్వి, పిదప అతనికొఱకు దిగులుపడుదుము. నవ్వునకు తోడు కావలసిన మఱియొకటి ఈ దిగులే. ఇంగ్లండునందలి సంగీతశాలల వేదికలపై పెరిగిన చార్లీ చాప్లిన్ 1921లో ది కిడ్ చిత్రమున ఒక యనాథబాలుని చేరదీసి లోకమును నవ్వించి యేడ్పించినదియు ఈ మర్మము నెఱిగియే. 1964లో తమిళమున సర్వర్ సుందరమై శ్రీ నాగేష్ నాయకుడైనదియు ఈ మార్గముననే. హోటలులో పళ్లెములు మోయు బక్కవాని యాశాభంగము ఆ చిత్రమునకు ప్రాణము.

పద్మనాభముగారి ఘనత ఇంతటితో ఆగలేదు. మర్యాదరామన్న చిత్రమునకు సంగీతము కూర్చిన శ్రీ ఎస్. పి. కోదండపాణిగారు చూపిన యొక నూతనగాయకునకు అవకాశమిచ్చిరి. 1966 డిసెంబరు 15వ తేదీన ఆ యువకుని తొలిపాట రికార్డయ్యెను. ఆ యువకుడే శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము. 2020లో ఆయన మరణించినపుడు దేశమంతయు దుఃఖించినది. అంతటి కంఠమునకు తలుపు తెఱచినది ఒక హాస్యనటుడని యెందఱు తలచికొనిరి? తాను నాయకుడైన చిత్రముననే క్రొత్తవానికి చోటుచేయుటకు పెద్దమనసు కావలెను.

1969లో శ్రీరామకథతో దర్శకులైరి. 1970లో కథానాయిక మొల్ల. కడపమండలమున గోపవరము మొల్ల యూరని ప్రతీతి. కుమ్మరియింట పుట్టి రామాయణమును తెలుగుచేసిన కవయిత్రి చరిత్రను అదే మండలమున పుట్టిన హాస్యనటుడు తెరకెక్కించెను. మొల్లగా శ్రీమతి వాణిశ్రీ నటించిరి. ఆ యేటి ఉత్తమచిత్రముగా ప్రభుత్వమువారి బంగారు నంది లభించినది. ఆయన చిత్రములలో అత్యున్నతగౌరవ మందినది తాను నాయకుడుగా నిలిచినది కాదు. ఒక కవయిత్రిని నిలిపి తాను వెనుకకు తొలగినది. దీనిని పరాజయమని తలచువారు హాస్యనటుని హృదయమును ఎఱుగనివారు.

ఇక ధనవిషయము. మన పాఠకులలో చిత్రశాలలు గలవారును, చిత్రములకు పెట్టుబడి పెట్టువారును ఉందురు. వారికి తెలియని సంగతి కాదు. 1800లో నైజాము కుంపిణీకి వదలిన దత్తమండలములకు 1928లో రాయలసీమయని పేరు పెట్టుకొన్నను, చిత్రవ్యాపారములో సీడెడ్ అను పాతపేరే నిలిచిపోయినది. నైజాము, ఆంధ్ర, సీడెడ్ అని ప్రాంతములవారిగా పంపిణీదారులు ముందుగా ఇచ్చు సొమ్ముతో చిత్రము సగము పూర్తియగును. ఆ సొమ్ము కథను చూచి వచ్చునది కాదు, నాయకుని పేరు చూచి వచ్చును. హాస్యనటుని పేరునకు ప్రేక్షకుల చప్పట్లు గలవుగాని పంపిణీదారుని చెక్కు లేదు. తక్కువపడిన ధనమును నిర్మాత అప్పు తేవలెను. ఆ నిర్మాతయే నటుడు, దర్శకుడు కూడనైనచో నష్టము పంచుకొనువాడు మఱియొకడుండడు. పద్మనాభముగారు నటించి సంపాదించిన ధనము చాలవఱకు నిర్మాణమున కరగిపోయినది. నాలుగువందలకు పైబడిన చిత్రములలో నవ్వించిన మనుజునకు చరమదశలో ఆర్థికక్లేశములు తప్పలేదు. చాప్లిన్ 1919లో మిత్రులతో గూడి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించి తన చిత్రముల పంపిణీని సయితము చేతిలో నుంచుకొనెను. ఆ భాగ్యము మనవారికి లేకపోయెను.

2010 ఫిబ్రవరి 20వ తేదీన పద్మనాభముగారు చెన్నపట్టణమున పరమపదించిరి. తరువాత అయిదు నెలలకు, అదే సంవత్సరము జూలైలో, మఱియొక మర్యాదరామన్న వచ్చెను. దర్శకులు శ్రీ రాజమౌళి. నాయకుడు హాస్యనటుడగు శ్రీ సునీల్. పేరొక్కటే పాతది, కథ వేఱు. దానికి మూలము బస్టర్ కీటన్ 1923లో తీసిన నిశ్శబ్దచిత్రము. పిత్రార్జితమైన భూమిని అమ్ముకొనుటకు సీమకు వచ్చిన పిఱికివాడు పగవారి యింటనే యతిథి యగును. గడప లోపల అతిథిని చంపరాదు. గడప దాటిన చావు తప్పదు. కథలోని భయమే నవ్వు, నవ్వే భయము. ఆ చిత్రము ఘనవిజయము నందినది. పద్మనాభముగారు నలుబదియేండ్లకు పూర్వము పట్టుకొన్న సూత్రమే ఇందును గలదు: బలహీనునకు తగిన కథ. అయితే ఇచ్చట భారము నటునిమీద మాత్రమే లేదు. పేరుమోసిన దర్శకుడును, నిర్మాణసంస్థయు దానిని పంచుకొనిరి.

కావున మా నిర్ణయ మిది. హాస్యనటుడు చిత్రమును మోయగలడు, ఒంటరిగా మోయలేడు. అతని పొట్టితనమును, పిఱికితనమును, అమాయకత్వమును కథకు ఇరుసుగా చేయగల రచయిత యొకడు, ఖర్చునకు కళ్లెము వేయగల నిర్మాత యొకడు తోడుండవలెను. వేదికపై పావుగంట నవ్వించుట వేఱు, తెరపై ఒక జీవితమును బ్రతికి చూపుట వేఱు. మొదటిదానికి మాట చాలును; రెండవదానికి ప్రేక్షకుడు తనకొఱకు దిగులుపడునట్లు చేసికొనవలెను. నేడు మైకు పట్టిన యువకులు ఈ భేదమును గ్రహించి తెరకు పోవుదురుగాక.

మనకును ఒక కర్తవ్యము గలదు. నవ్వినంతసేపు నవ్వి, నవ్వించినవానిని మఱచిపోవుట లోకస్వభావము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో చిత్రశాలలు గల ధనవంతులు ఏటేట ఆగస్టు 20వ తేదీన ఆయన చిత్రమొకటి ప్రదర్శించిన పెద్ద వ్యయము కాదు. మొదట కథానాయిక మొల్లతో ప్రారంభింతురుగాక. పిల్లలు మొల్లను చూతురు. పెద్దలు పద్మనాభముగారిని తలచికొందురు.