స్టాక్‌హోమ్ విజేత జిమ్ థోర్ప్

పరుగు, దూకుడు, విసరుడు పోటీలలో మేటులైన వారికై 1974లో అమెరికా దేశమున ఒక కీర్తిమందిరమును నెలకొల్పిరి. మరుసటి యేడే అందు జిమ్ థోర్ప్ పేరు చేరెను. అప్పటికాతడు మరణించి 22 ఏండ్లు. అయినను ఒలింపిక్ విజేతల పట్టికలో మాత్రము ఆతని పేరు లేకుండెను.

థోర్ప్ ఓక్లహోమా ప్రాంతమున సాక్ అండ్ ఫాక్స్ అను ఆదివాసి తెగలో జన్మించెను. కవలసోదరుడు బాల్యముననే గతించెను. తల్లిదండ్రులును ఎక్కువకాలము బ్రతుకలేదు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చదివెను. ఆదివాసి పిల్లలచేత వారి భాషను, వేషమును మాన్పించి తెల్లవారి రీతులు నేర్పుటకై ప్రభుత్వము నడపిన పాఠశాల యది. ఉపాధ్యాయులమైన మనము తలదించుకొనవలసిన చరిత్ర. అక్కడనే ఒకనాడు పనిదుస్తులతోనే, హైజంపు ఆటగాండ్రకు అందని ఎత్తును దూకి శిక్షకుని కంటబడెనని చెప్పుదురు.

1912 జూలైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో, పెంటాథ్లాన్‌లోని 5 పోటీలలో నాల్గింట ఆతడే ప్రథముడు. 3 దినములు సాగిన డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించెను. రెండవవాడగు స్వీడన్ వీరుడు వీస్లాండర్ 688 పాయింట్లు వెనుకబడెను. తన బూట్లు పోగా, జతగాని బూట్లు తొడిగి పోటీచేసెనట!

ఆరు నెలలు తిరిగినవో లేదో, 1909, 1910 వేసవులలో థోర్ప్ కొద్దిపాటి జీతమునకు బేస్‌బాల్ ఆడెనని ఒక పత్రిక వెల్లడించెను. ఆటకు ధనము పుచ్చుకొన్నవాడు ఒలింపిక్స్‌కు అనర్హుడని నాటి నియమము. కళాశాల విద్యార్థులు పలువురు అట్లే ఆడుచుండిరి, కాని మారుపేర్లతో. థోర్ప్ సొంత పేరుతో ఆడెను. అదియే ఆతనిని పట్టియిచ్చెను. ఉన్నదున్నట్లు ఒప్పుకొని జాబు వ్రాసినను పతకములు దక్కలేదు. అభ్యంతరమేదైనను 30 దినములలో తెలుపవలెనని ఆ క్రీడల నిబంధనలలోనే యుండెను. నియమము పేరిట శిక్షించినవారు ఆ నియమమును మరచుటయే నాకు మిక్కిలి అన్యాయముగ తోచును.

పిమ్మట బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలలో పేరు గడించెను. వయస్సు మీరినపుడు కూలిపని చేసెను, సినిమాలలో చిన్నచిన్న వేషములు వేసెను. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో పేదరికముననే కన్నుమూసెను.

1983లో పతకముల నకళ్లను ఆతని సంతానమునకిచ్చిరి; అదియు సహవిజేతగనే. 2022లో గాని ఏకైక విజేతగ అంగీకరింపలేదు. స్వర్ణపతకము తన పేర వచ్చినను వీస్లాండర్ దానిని ఎన్నడును తనదిగ భావింపలేదని, థోర్ప్‌నే విజేతగ తలచెనని ఆతని కుటుంబమువారు అప్పుడు తెలిపిరి.