ఫ్రాంక్ హార్న్‌బీ

బజారున కొన్న బొమ్మ రెండునాళ్లు ముచ్చట గొల్పును, మూడవనాడు మూలబడును. తన చేతులతో తాను కూర్చుకొన్న బొమ్మ అట్టిది కాదు. చక్రము తిరుగకున్నచో ఏల తిరుగలేదో వెదకి, విప్పి, మరల బిగించి, తుద కది కదలినప్పుడు బాలుడు పొందు సంతోషమునకు వెల లేదు. ఇట్టి సంతోషమును దేశదేశముల బాలురకు పంచిపెట్టినవాడు ఒక లెక్కల గుమాస్తా. ఆయన ఇంజనీరు కాడు. ఏ కళాశాలయందును యంత్రశాస్త్రము నేర్చినవాడు కాడు. ఆయనయే ఫ్రాంక్ హార్న్‌బీ.

ఇంగ్లండు దేశపు పశ్చిమ తీరమున లివర్‌పూల్ అను రేవు పట్టణము కలదు. 1863వ సంవత్సరము మే 15వ తేదీన ఫ్రాంక్ ఆ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ హార్న్‌బీ ఆహారపదార్థముల వర్తకుడు. తల్లి పేరు మార్తా. ఓడల రాకపోకలును, సరకుల నెత్తి దింపు యంత్రములును గల ఊరిలో బాలుడు పెరిగెను. పదునారేండ్ల వయస్సుననే చదువు చాలించి, తండ్రి దుకాణమున రొక్కపు లెక్కలు వ్రాయు పనిలో ప్రవేశించెను.

పాఠశాల విడిచినను ఆతడు పఠనము విడువలేదు. శామ్యూల్ స్మైల్స్ అను రచయిత 1859లో ప్రకటించిన ‘సెల్ఫ్ హెల్ప్’ అను గ్రంథము ఆతని మనస్సు నాకర్షించెను. పేదరికమును, పరాజయములను ఓర్చుకొని నూతన వస్తువులను కనిపెట్టిన వారి చరిత్రలు అందు గలవు. వానిని చదువుచు ఫ్రాంక్ తానును ఏదైన నొకటి కనిపెట్టవలెనని కలలు కనుచుండెను. కాని దినమంతయు అంకెలతోనే గడచుచుండెను. కలలు కలలుగనే యుండెను.

1887లో ఆయన క్లారా అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. రోలండ్, డగ్లస్ అను కుమారు లిరువురు కలిగిరి. 1899లో తండ్రి మరణించెను. కుటుంబ వ్యాపారము మూతపడెను. ఫ్రాంక్ అదే పట్టణమున మాంసమును దిగుమతి చేసికొను డేవిడ్ ఎలియట్ అను వర్తకునియొద్ద లెక్కల గుమాస్తాగా కుదిరెను. అప్పటి కాయన వయస్సు ముప్పదియారేండ్లు. ఇంతటితో ఆయన జీవితము ఒక దారిలో స్థిరపడినదని చూచువా రనుకొనియుందురు.

సాయంకాలము ఇల్లు చేరినంతనే ఆ గుమాస్తా వేరొక మనిషి యగుచుండెను. ఇంటియందే చిన్న పనిముట్లతో లోహపు రేకులను కత్తిరించి, కుమారులకు వంతెనలు, బండ్లు, బరువులెత్తు క్రేనులు చేసి యిచ్చుచుండెను. పిల్లలు సంబరపడుచుండిరి. కాని ఆయనకు మాత్రము ఒక చిక్కు తోచెను. వంతెనకై కత్తిరించిన ముక్క క్రేనునకు పనికిరాదు. క్రేనునకై చేసిన ముక్క బండికి పొసగదు. ప్రతి బొమ్మకును మరల మొదటినుండి అన్ని ముక్కలును చేయవలెను. దినమెల్ల కొలువు చేసి వచ్చిన వానికి అంత తీరిక ఎక్కడిది?

ఒక క్రిస్మసు పండుగ ముందటి దినమున ఆయన రైలులో ప్రయాణము చేయుచు ఈ చిక్కును గూర్చియే ఆలోచించుచుండగా ఉపాయము తట్టెనని చెప్పుదురు. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క తీరు ముక్కలేల? అన్ని బొమ్మలకును పనికివచ్చు ముక్కలనే చేసినచో? అన్ని బద్దలును ఒకే వెడల్పున నుండవలెను. వానియందలి చిల్లులన్నియు ఒకే పరిమాణమున, ఒకదానికొకటి సమానమైన దూరమున నుండవలెను. అప్పుడు ఏ బద్దనైనను ఏ బద్దతోనైనను బోల్టు పెట్టి బిగింపవచ్చును. నేటి వంతెనను విప్పి రేపు క్రేను కట్టవచ్చును. ఎల్లుండి దానినే బండిగా మార్చవచ్చును.

ఈ యాలోచనయందు మరియొక విశేషము కలదు. ఆ చిల్లు బోల్టునకు మాత్రమే కాదు. ఇరుసునకు గూడ చోటిచ్చును. రెండు బద్దలను ఎదురెదురుగా నిలిపి, వాని చిల్లులలో సన్నని కడ్డీని దూర్చి, కొనలకు చక్రములను బిగించినచో బండి నడచును. అదే కడ్డీకి పళ్లచక్రము తగిలించినచో యంత్రము తిరుగును. అందుచేత నిలుకడగా నిలుచు వంతెన మొదలు పరుగిడు మోటారుకారు వరకు ఏ నమూనానైనను ఆ కొలది ముక్కలతోనే కట్టుటకు వీలు కలిగెను.

ఆలోచన తట్టుట ఒక యెత్తు. దానిని చేతిలో వస్తువుగా చూచుట మరియొక యెత్తు. ఆయన రాగిరేకు తెచ్చి, అర అంగుళము వెడల్పుగల బద్దలుగా కత్తిరించి, అర అంగుళమున కొకటి చొప్పున చిల్లులు వేసెను. ఒక్క చిల్లు వెండ్రుకవాసి తప్పినను బద్దలు కలియవు. కనుక ఆ పనికి ఎంతో ఓరిమి కావలసెను. తగినంత చిన్న బోల్టులు, నట్టులు అంగళ్లలో దొరకలేదు. మొదట వానిని గూడ ఆయనయే చేతితో చేసికొనెను. పిమ్మట అమ్మువారిని వెదకి కొనెను. ఇట్లు 1900వ సంవత్సరాంతమునకు ఒక సంచయము సిద్ధమయ్యెను.

యజమాని యైన ఎలియట్ గుమాస్తా చేసిన వస్తువును చూచి పరిహసింపలేదు. పేటెంటు హక్కునకు కావలసిన 5 పౌండ్ల ధనమును అప్పుగా నిచ్చెను. తన కార్యాలయము ప్రక్కనున్న ఖాళీ స్థలమును పనికై విడిచెను. పిదప భాగస్వామియు నయ్యెను. 1901 జనవరిలో హార్న్‌బీ పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. బాలురకును, యువకులకును వినోదముతోపాటు విద్య నొసగు సాధనముగా ఆయన దానిని పేర్కొనెను.

1902లో ఆ సంచయము ‘మెకానిక్స్ మేడ్ ఈజీ’ అను పేరుతో అంగడి కెక్కెను. యంత్రశాస్త్రము సులభముగా నేర్చుట అని దాని భావము. పెట్టెలో పదునారు రకముల ముక్కలును, పండ్రెండు నమూనాలను కట్టు విధము తెలుపు పత్రమును ఉండెను. వెల 7 షిల్లింగుల 6 పెన్నీలు. కాని ముక్కల పనితనము అంత నాణ్యముగా లేదు. తళతళలాడు రంగుబొమ్మల నడుమ ఈ వట్టి రేకుముక్కల పెట్టెను కొనువారు అరుదైరి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు శాఖ కధిపతి యైన ఆచార్య హీలీ-షా మాత్రము దాని విలువ గ్రహించి ప్రశంసించెను. ఆ పండితుని మాట హార్న్‌బీకి కొండంత అండ యయ్యెను. అయినను 1903లో 1,500 సంచయములు అమ్ముడుపోయినను లాభము రాలేదు. ఆయన ముక్కల నాణ్యమును పెంచుచు, కొత్త ముక్కలను చేర్చుచు వచ్చెను. 1906లో మొదటిసారిగా కొలదిపాటి లాభము కనబడెను.

1907లో వేరొక చిక్కు వచ్చిపడెను. గిరాకి పెరిగెను గాని, ముక్కలను చేసి యిచ్చువారు తగినన్ని పంపలేకపోయిరి. తానే కర్మాగారము పెట్టవలెను; లేదా ఉన్నదానితో తృప్తిపడి గుమాస్తాగిరిలో నుండవలెను. అప్పటి కాయన వయస్సు నలువదినాలుగేండ్లు. కుటుంబభారము మీద నుండెను. నెలజీతము నమ్మకమైనది, బొమ్మల వ్యాపారము గాలిలో దీపము. అయినను ఆయన కొలువు విడిచి, అప్పు తెచ్చి, డ్యూక్ వీధిలో ఒక పనిశాలను అద్దెకు తీసికొని ముక్కలను స్వయముగా చేయించుట కారంభించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ‘మెకానో’ అను కొత్త పేరును నమోదు చేయించెను. 1908లో మెకానో కంపెనీ ఏర్పడెను. అంతవరకు తోడు నిలిచిన ఎలియట్ కొత్త కంపెనీలో చేరలేదు. భారమంతయు హార్న్‌బీ యొక్కని భుజములమీదనే పడెను.

ఆ భారమును ఆయన మోయగలిగెను. 1912లో పారిస్ నగరమున శాఖ వెలసెను. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము నిర్మింపబడెను. 1916లో ‘మెకానో మేగజైన్’ అను పత్రిక వెలువడెను. అది బాలురకు కొత్త నమూనాలను, ఇంజనీరింగు వింతలను బోధించుచుండెను.

ఆయన అమ్మిన విధానమును గమనింపదగును. సంచయములకు వరుసగా అంకెలుండెను. చిన్న పెట్టె కొన్న బాలుడు పెద్దదానికై మరల మొత్తము వెల చెల్లింప నక్కరలేదు. నడుమనుండు అనుబంధపు పెట్టె కొన్నచో తన సంచయము పై అంకెకు చేరును. ప్రతి ముక్కకును ఒక సంఖ్య యుండెను. ఒక చక్రము పోయినను, ఒక పళ్లచక్రము కావలసినను, బాలుడు అంగడికి పోయి సంఖ్య చెప్పి ఆ ఒక్కదానినే కొనవచ్చును. చేతిఖర్చు డబ్బులు కూడబెట్టి ఒక్కొక్క ముక్కను కొనుచు సంచయమును పెంచుకొనుట ఆనాటి బాలురకు వ్రతమువంటి దయ్యెను. నిన్న కొన్న ముక్క నేడు కొన్నదానితో తప్పక కలియుననుటయే ఈ విధానమునకు ప్రాణము. ఆనాడు రైలులో తట్టిన సమానదూరపు చిల్లు ఇంతపని చేసెను.

అది మోటారుకార్లు లోకమున వ్యాపించుచున్న కాలము. మెకానో ముక్కలతో కారు చట్రమును, గేరుపెట్టెను, చక్రములను త్రిప్పు సాధనమును నిజముగా పనిచేయునట్లు కూర్చు నమూనాలు వెలువడెను. తండ్రులకే తెలియని కారు మర్మము కుమారులకు చేతివ్రేళ్లతో తెలియుచుండెను. 1930 తరువాతి తొలి సంవత్సరములలో కార్లను మాత్రమే కట్టుటకు ప్రత్యేక సంచయములు గూడ వచ్చెను. అంతకుముందే, 1920లో, కీ యిచ్చిన పరుగెత్తు హార్న్‌బీ రైలుబండ్లు బయలుదేరెను. ఆ రైళ్లకు తోడుగా 1933 డిసెంబరులో కార్లు మొదలగు ఆరు చిన్న వాహనముల పెట్టె వెలువడెను. మరుసటి యేడు వానికి ‘డింకీ టాయ్స్’ అను పేరు వచ్చెను. అరచేతిలో ఇమిడిపోవు ఆ పోతబొమ్మ కార్లు కొలది కాలముననే పిల్లల మనస్సులను దోచుకొనెను.

1931లో లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నియోజకవర్గమునుండి హార్న్‌బీ పార్లమెంటు సభ్యుడుగా ఎన్నుకొనబడెను. ఆరోగ్యము చెడుటచే 1935లో తిరిగి పోటీ చేయలేదు. 1936వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, డెబ్బదిమూడేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను.

ఆయన జీవించియుండగనే ఆ బొమ్మముక్కలు పెద్దల పనికిని వచ్చెను. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున డగ్లస్ హార్ట్రీ అను శాస్త్రవేత్త, ఆర్థర్ పోర్టర్ అను యువకుని సహాయముతో, కఠినమైన గణిత సమీకరణములను సాధించు యంత్రపు నమూనాను మెకానో ముక్కలతో నిర్మించెను. దాని కయిన వ్యయము ఇంచుమించు 20 పౌండ్లు మాత్రమే. 1996లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందుకొన్న హెరాల్డ్ క్రోటో గూడ బాల్యమున మెకానోతో ఆడి నేర్చినది తనకు మిక్కిలి ఉపకరించెనని పలుమారులు చెప్పెను.

కాలము మారెను. బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతపడెను. అయినను పాత మెకానో పెట్టెలను, డింకీ కార్లను భద్రపరచువారు నేటికిని పలు దేశములలో కలరు. ఆ కాలపు పోతలోహమున మలినములు కలియుటచే కొన్ని పాత డింకీ బొమ్మలు పగుళ్లువారి పొడియైపోవును. నిలిచిన వానికి అరిగిన టైరునో, విరిగిన భాగమునో అట్టి విడిముక్కలు అమ్మువారియొద్ద కొని తెచ్చి, ఓపికతో అమర్చి, పూర్వపు శోభ తెచ్చు అభిమానులు ఉన్నారు. ముక్క పోయినంతమాత్రమున బొమ్మ పోలేదని వారు ఎరుగుదురు.

హార్న్‌బీ కొత్త లోహమును కనిపెట్టలేదు. కొత్త యంత్రమును కనిపెట్టలేదు. రేకు, చిల్లు, మర, చక్రము – ఇవన్నియు అంతకుముందే యున్నవి. చిల్లులను సరియైన దూరమున నిలుపుటయే ఆయన చేసినది. ఆ చిన్న నియమమును పట్టుదలతో, నష్టము వచ్చిన దినములలో గూడ, వెండ్రుకవాసియైన తప్పక పాటించెను. ఇద్దరు పిల్లలకై వంటిల్లువంటి చిన్న చోట మొదలైన పని దేశముల కెల్ల వ్యాపించుటకు కారణ మిదియే. చిన్న పనినైనను సరిగా చేసినవాని చేతిలోనుండియే పెద్ద పని పుట్టునని ఆయన జీవితము తెలుపుచున్నది.