సరిహద్దు నేల ఇచ్చిన కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి

కోరాపుట్, రాయగడ జిల్లాలలో తెలుగు ఆరాధన జరిగే మందిరాలలో హార్మోనియం ముందు తెరిచి ఉంచే పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో కీర్తనల దగ్గర ఒక పేరు పదే పదే కనిపిస్తుంది. అది పురుషోత్తమ చౌదరి. చౌదరి అన్న మాట చూసి ఆయనను గుంటూరు, కృష్ణా జిల్లాలవారిగా భావించేవారున్నారు. నిజానికి ఆయన మన పొరుగువారే. గుణుపురానికి చేరువలోనే ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో, మదనాపురం అనే గ్రామంలో 1803 సెప్టెంబరు 5న జన్మించారు.

తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వంగదేశ మూలాలుగల బ్రాహ్మణ కుటుంబం. ఆ ఇంటి పేర్లను గమనిస్తే ఆ ఇంటి భక్తి తెలుస్తుంది. తండ్రి పేరు శ్రీకూర్మం దేవునిది. తల్లి పేరు పూరీ గుడిలో అన్నల మధ్య కొలువైన సుభద్రది. పురుషోత్తముడన్నది సాక్షాత్తూ పూరీ స్వామి నామం. ఇంట ఒక భాష, ఊర మరొక భాష, శాస్త్రానికి సంస్కృతం. సరిహద్దు కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్త కాదు. అటువంటి ఇంట పుట్టిన బాలుడు తెలుగును పరభాషగా కాక తన భాషగా నేర్చుకొని, అందులోనే పద్యం, పాట కట్టగలిగే స్థాయికి ఎదిగారు.

వైష్ణవ సంప్రదాయంలో పెరిగిన ఆయనకు యౌవనంలోనే మోక్షచింత పట్టుకుంది. పాపం ఎలా పోతుంది, ఎవరు పోగొడతారు అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఆ కాలానికి తెలుగులో క్రైస్తవ గ్రంథాలు అచ్చయి కొన్నేళ్ళే అయింది. లండన్ మిషనువారు 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించారు. కొత్త నిబంధన 1818లో తెలుగులో వెలువడింది. అటువంటి పుస్తకాలు, కరపత్రాలు చేతులు మారుతూ ఊళ్ళకు చేరేవి. పురుషోత్తమ చౌదరి వాటిని చదివారు. శ్రీకాకుళంలో ఉండిన హెలెన్ నాట్ అనే ఆంగ్ల మహిళ నుంచి ఆయనకు ప్రోత్సాహం లభించింది. చివరకు 1833లో కటకం వెళ్ళి అక్కడి బాప్తిస్టు మిషనువారి వద్ద బాప్తిస్మం పొందారు. పర్లాకిమిడి నుంచి కటకం దాదాపు మూడు వందల కిలోమీటర్లు. అప్పటికి రైలు లేదు. చిలక సరస్సు అంచు వెంబడి సాగే ఆ దారిలో పూరీకి పోయే యాత్రికులు నడిచేవారు. పూరీ స్వామి పేరు పెట్టుకున్న మనిషి ఆ యాత్రికుల దారినే పోయి క్రీస్తు శిష్యుడై తిరిగివచ్చారు.

ఆ సంవత్సరాలు ఈ నేలకు మంచి రోజులు కావు. పర్లాకిమిడి సంస్థానంలో తిరుగుబాటు చెలరేగింది. దానిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం 1832లో రసెల్ అనే అధికారిని సైన్యంతో పంపింది. దక్షిణాన గుంటూరు సీమ డొక్కల కరువుతో శ్మశానమైంది. జనం ప్రాణాలు దక్కించుకోవడానికే తల్లడిల్లుతున్న వేళ, ఒక బ్రాహ్మణ గృహస్థు తనకున్న ఆధారాలన్నిటినీ తానుగా తెంచుకున్నాడు.

నేటి పాఠకులకు ఆ తెంపు ఎంత లోతైనదో వెంటనే స్ఫురించకపోవచ్చు. వెలి అంటే మాటలు మానడం మాత్రమే కాదు. వెలి పడినవాడికి బావి వద్ద నీరు లేదు, ఇంట పంక్తి లేదు. చాకలి రాడు, మంగలి రాడు, పురోహితుడు గడప తొక్కడు. పిల్లలకు సంబంధాలు రావు. మరణిస్తే మోసే భుజాలుండవు. కొన్ని కుటుంబాలు కులం విడిచినవాడు బతికి ఉండగానే ఘటం పగలగొట్టి, చనిపోయినవాడికి చేసే కర్మ జరిపించేవి. ఇక ఆస్తి సంగతి. మతం మారినవాడికి, కులం నుంచి వెలి పడినవాడికి కూడా పిత్రార్జితంలో హక్కు పోదని కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించే చట్టం చేసింది 1850లో. అది ఆ ఏటి 21వ చట్టం. పురుషోత్తమ చౌదరి బాప్తిస్మానికి, ఆ చట్టానికి మధ్య పదిహేడేళ్ళ దూరం ఉంది. డబ్బు కోసమో ఉద్యోగం కోసమో కలిశాడన్న నింద ఆనాడు మతం మారిన ప్రతివారూ విన్నదే. ఈయన విషయంలో ఆ నింద నిలవదు. ఆయన వదులుకున్న స్థానం ముందు మిషను ఇవ్వగల జీతం ఏపాటిది?

అన్నిటికంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. బంధువులు అడ్డుపడగా భార్య కొంతకాలం ఆయనకు దూరమైంది. తరువాత ఆమె ఆయనతో కలిసి అదే విశ్వాసమార్గంలో నడిచింది. ఆయన చరిత్ర చెప్పేవారు ఈ ఎడబాటును ఆయన పడిన కష్టంగానే చెప్పుకుంటూ వచ్చారు. ఆమె వైపు నుంచి కూడా చూడవలసి ఉంది. మతం మారాలని నిర్ణయించుకున్నది ఆయన. ఆమె నిర్ణయించుకోలేదు. భర్త ఉండగానే విధవతో సమానమై, పుట్టింటివారి దయమీద రోజులు గడపవలసిన స్థితి ఆనాటి స్త్రీకి చావుకన్న తక్కువేమీ కాదు. అయినా ఆమె తిరిగివచ్చింది. వచ్చిన రోజున పుట్టింటి గడప కూడా ఆమెకు మూసుకుపోయి ఉంటుంది. కీర్తనల పుస్తకంలో ఆయన పేరు ఉంది, ఆమె పేరు లేదు.

ఇంత పోగొట్టుకున్న మనిషి రచనల్లో కోపం కనబడటం సహజం. ఆయన వచన రచనల్లో, ముఖ్యంగా కులాచార పరీక్ష వంటి వాటిలో, ఖండన తీవ్రంగానే ఉంది. తాను పుట్టిన సమాజపు ఆచారాలను ఆయన వేలెత్తి ప్రశ్నించారు. అవి వాదానికి వాదంగా ఆ కాలపు అవసరాన్ని తీర్చి ఉండవచ్చు గాని, పొరుగువాడి మనస్సు నొప్పించే పదును వాటిలో ఉందన్నది దాచనక్కరలేదు. ఈనాడు వాటిని చదివేవారు పరిశోధకులు తప్ప మరొకరు లేరు.

కీర్తనల మార్గం వేరు. నూటికి పైగా ఉన్న ఆ కీర్తనల్లో తనను వెలివేసినవారిపై నింద లేదు. పోయిన ఆస్తి గురించిన ఊసు లేదు. అక్కడ దోషి ఎవరయ్యా అంటే పాడేవాడే. నడిసముద్రంలో చిక్కినవాడు ఒడ్డునున్నవానిని పిలిచినట్టు, అప్పు తీర్చలేనివాడు దాత కాళ్ళు పట్టుకున్నట్టు ఆయన క్రీస్తును పిలుస్తారు. వైష్ణవ భక్తులు శతాబ్దాలుగా వాడిన శరణాగతి భాషనే ఆయన తన కొత్త విశ్వాసానికి తెచ్చుకున్నారు. సంసారసాగరం, చరణసేవ, దీనరక్షకుడు వంటి మాటలు ఆయన చిన్ననాట విన్నవే. ఇల్లు విడిచారు గాని ఆ ఇల్లు నేర్పిన భాషను విడువలేదు. ఆయన బలమంతా అక్కడే ఉందని చెప్పవచ్చు. పోయినవాటిని ఏకరువు పెట్టడం మాని, మిగిలిన ఆ ఒక్క సొత్తును దేవుని ముందు పరిచారు.

రూపం విషయంలోనూ అంతే. ఆంగ్ల పాటలను తెనిగించి, ఆంగ్ల వరుసల్లో పాడించే ప్రయత్నాలు మిషనరీలు చేసేవారు. మాట ఒక దారి, వరుస ఒక దారి అయ్యేది. పురుషోత్తమ చౌదరి పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలు నిర్దేశించి కీర్తనలు కట్టారు. ఈనాటికీ పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేస్తారు. భజన గోష్ఠిలో కూర్చున్న పల్లెజనానికి తాళం చేతికిస్తే చాలు, పాట దానంతట అదే వస్తుంది. చదువురాని వారికి ఆ పాటలే వేదపాఠం అయ్యాయి. పత్రం చదివి మారిన మనిషి, పత్రం చదవలేనివారి కోసం పాట రాశారు. యేసు నాయక శతకం వంటి పద్యరచనలు కూడా ఆయన చేశారు. వాటిని పండితులు మెచ్చుకుంటే, జనం కంఠంలో నిలిచినవి మాత్రం కీర్తనలే.

సువార్తికునిగా, బోధకునిగా ఆయన బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో దీర్ఘకాలం పనిచేశారు. కాలినడకన సంతలకు వెళ్ళి, ముందు పాడి, జనం గుమికూడాక మాట్లాడటం ఆనాటి సువార్తికుల పద్ధతి. ఆయన అరవై మూడవ యేట, 1866లో, ఒడిశా, గంజాం ప్రాంతాలను మహాకరువు కుదిపివేసింది. పూరీ గజపతి పాలనలో తొమ్మిదవ అంకం నాటి కరువు గనుక ఒడియావారు దానిని న-అంక దుర్భిక్షం అంటారు. లక్షల ప్రాణాలు పోయాయి. యౌవనంలో సొంత ఇంటి నష్టంతో మొదలైన ఆయన జీవితం వార్ధక్యంలో దేశమంతటి నష్టాన్ని చూసింది.

ఆయన వృద్ధాప్యంలో ఉండగానే కోరాపుట్ కొండలకు మరొక మిషను వచ్చింది. జర్మనీలోని బ్రెక్లుం గ్రామంలో 1876లో స్థాపితమైన లూథరన్ మిషనువారు 1880 తరువాతి సంవత్సరాలలో సాలూరు, కోరాపుట్ ప్రాంతాలలో స్థిరపడ్డారు. ఈనాటి జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘానికి మూలం అదే. ఆయనది బాప్తిస్టు సంఘం. వీరిది లూథరన్ సంఘం. బాప్తిస్మం ఎప్పుడు, ఎలా ఇవ్వాలి అన్న విషయంలో రెంటికీ పొసగదు. ఆ వాదాలు పెద్దలకే పరిమితమయ్యాయి. పాటలు మాత్రం ఏ సంఘపు గోడ దగ్గరా ఆగలేదు.

1890 ఆగస్టు 24న, ఎనభై ఏడవ పుట్టినరోజుకు పన్నెండు రోజుల ముందు, ఆయన కన్నుమూశారు. అప్పటికి నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు రాలేదు. ఆ చిన్న రైలు 1900లో పర్లాకిమిడికి, 1931లో గుణుపురానికి చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన పుట్టిన సీమలో కొంతభాగం ఒడిశాకు వెళ్ళింది. అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉన్న కోరాపుట్, రాయగడ, గుణుపురం కూడా ఒడిశాలో చేరాయి. ఒడియా బడిలో చదువుకున్న తెలుగు పిల్లలకు తెలుగు లిపి రాకుండా పోయింది. అటువంటి ఇళ్ళలో కొందరు ఆయన కీర్తనలను నోటుపుస్తకాలలో ఒడియా అక్షరాలతో రాసుకొని, ఆదివారం పూట తెలుగులో పాడుతుంటారు.