కరువులో కాలువ తవ్వించి, ప్రార్థనతో కాలం గడిపిన క్లౌ దొర

ఒంగోలు పట్టణానికి వచ్చినవారికి అక్కడి ప్రార్థన కొండ తెలియనిది కాదు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ దాటేవారికి ఆ ఏరు తెలియనిది కాదు. తీరం వెంబడి పల్లెల్లో బకింగ్‌హాం కాలువ తెలియనివారు అసలే ఉండరు. ఈ మూడింటినీ కలిపే జీవితం ఒకటి ఉంది. అది జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా మిషనరీ జీవితం. మన పెద్దలు ఆయనను క్లౌ దొరగారు అనేవారు. ఆయన కన్నుమూసి వంద సంవత్సరాలు దాటింది. దేవుని మీద భారం వేయడమంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదని తన బతుకుతో చూపించిన మనిషి కనుక, ఆయన కథ నేటివారు కూడా తెలుసుకోదగినది.

గొలుసు పట్టిన కుర్రవాడు

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి కుటుంబంలో పుట్టారు. కుటుంబం బతుకుతెరువు కోసం పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులోనే ఆయన మిన్నెసోటా అడవుల్లో భూములు కొలిచే సర్వే పనిలో చేరారు. గొలుసు లాగడం, గట్టు చూడడం, లెక్క కట్టడం అక్కడే నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ కొలత విద్యే మన జిల్లాలో వేలమంది ప్రాణాలకు ఆధారమవుతుందని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

చదువుకోసం అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కు వెళ్ళేనాటికి ఆయనకు దేవుడన్నా, ప్రార్థనన్నా గురి లేదు. అక్కడ ఆయన గదిలో ఉండే తోటి విద్యార్థి మాత్రం రోజూ మోకరించి ప్రార్థించేవాడు. క్లౌ సుద్దముక్కతో గది మధ్య గీత గీసి, ప్రార్థన ఏదైనా ఉంటే అవతలి సగంలోనే చేసుకోవాలని నియమం పెట్టాడని చెప్పుకుంటారు. చివరకు ఆ గీత దాటి అవతలికి వెళ్ళి మోకరించినది క్లౌయే. తర్వాత ఆయన పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి బోధించే పనిలో దిగారు. 1861లో హేరియెట్‌ను వివాహమాడారు.

కొండమీద అయిదుగురు

ఇక్కడ కథ కొంత వెనక్కు పోవాలి. అమెరికన్ బాప్తిస్టు మిషన్ తెలుగుదేశంలో 1836లో పని మొదలుపెట్టింది. 1840 నుంచి నెల్లూరు దాని కేంద్రం. ఏళ్ళు గడిచినా క్రైస్తవులైనవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమందే. ఇంత ఖర్చుకు ఇదేనా ఫలితమని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆ మిషన్‌ను మూసివేయాలని తలపెట్టారు.

ఆ రోజుల్లో నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య బోధనకోసం ఒంగోలు వచ్చారు. వీధుల్లో వారికి దక్కింది రాళ్ళదెబ్బలే. అయినా 1854 జనవరి 1న, తెల్లవారకముందే, జూయెట్ దంపతులు, వారితోపాటు ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఊరిపక్క కొండెక్కారు. ఒంగోలుకు ఒక బోధకుణ్ణి పంపమని ఒకరి తరువాత ఒకరు దేవుణ్ణి వేడుకున్నారు. కొండదిగువ కనిపించిన స్థలాన్ని చూసి, అక్కడ మిషన్ బంగళా ఉంటే బాగుండునని కూడా అనుకున్నారు.

ఆ ప్రార్థన ఫలించడానికి పన్నెండేళ్ళు పట్టింది. కొండమీద అయిదుగురు మోకరించిన ఆ రోజుకు క్లౌ పదిహేడేళ్ళ కుర్రవాడు. దేవుని మీద నమ్మకం లేదు. ఒంగోలు అనే ఊరు ఉన్నదనే తెలియదు.

1862లో మిషన్ మూసివేత మాట మళ్ళీ వచ్చింది. అప్పటికి జబ్బుపడి అమెరికా చేరిన జూయెట్, ఎవరు పంపినా పంపకపోయినా తాను తిరిగి తెలుగువారి మధ్యకే పోతానని, అక్కడే చనిపోతానని పట్టుబట్టారు. పెద్దలు మెత్తబడ్డారు. ఆయనకు తోడుగా క్లౌను ఎంపిక చేశారు. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్న సమయం అది. 1864 నవంబరు 30న బోస్టన్‌లో ఒక చిన్న ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తలకొండపాడు పేరయ్య

క్లౌ దొర వచ్చిన తరువాతే అంతా జరిగిందనుకోవడం పొరపాటు. ఆయన కంటే ముందే ఒక తెలుగువాడు వెతుకులాటలో ఉన్నాడు. ఆయన తలకొండపాడు గ్రామానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. యోగమార్గంలో గురుబోధ పొందినవాడు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తును గురించి విన్నారు. విన్నది మనసులో పెట్టుకొని ఇంటికి వచ్చి, భార్యతో కలిసి ప్రార్థన మొదలుపెట్టారు. 1866లో భార్యాభర్తలు బాప్తిస్మం పొందారు.

1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి వెళ్ళారు. ఒంగోలు నుంచి నలభై మైళ్ళ ప్రయాణం. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం అన్నం మూటలు కట్టుకొని వచ్చి చింతతోపులో దిగారు. కొన్ని రోజులు బోధ, ప్రార్థన సాగాయి. చివరకు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన జిల్లా పల్లెల్లో క్రైస్తవ సంఘాలకు మొదటి విత్తనం పడినది అక్కడే.

ఎటు వైపు నిలవాలి?

అంతలోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒంగోలులో పై కులాలవారు క్లౌను గౌరవించేవారు. తమ పిల్లలను మిషన్ బడికి పంపేవారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే వారికి కోపం వచ్చింది. వీరిని చేర్చుకుంటే తాము రామని తేల్చిచెప్పారు. ఊరి పెద్దల అండ ఉంటే పని సులువు. అది పోతే ఏమవుతుందో తెలియదు. కొత్తగా వచ్చిన మిషనరీకి ఇది సామాన్యమైన పరీక్ష కాదు.

ఆ రోజు భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో కూర్చొని దేవుని చిత్తం కోసం వెతికారు. ఇద్దరూ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకుంటాడని ఆ భాగం చెబుతుంది. ఇక సందేహం మిగలలేదు. బడి పిల్లలు వెళ్ళిపోయినా, పెద్దల రాకపోకలు ఆగిపోయినా, క్లౌ మాదిగపల్లెల వైపే నిలబడ్డారు.

నమ్మినవారికి ఆయన పెట్టిన నియమాలు పెద్దవేమీ కావు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్న మాటలే. కాని వెట్టి చేసి బతికేవానికి ఆదివారం పనికి రానని చెప్పడం అంటే ఊరితో తగవు పెట్టుకోవడమే. జాతరలో డప్పు కొట్టనంటే గ్రామాధికారుల కన్నెర్ర. కొన్ని ఊళ్ళలో కూలి ఆపారు, దెబ్బలు కొట్టారు. అప్పుడు ఆ పల్లెల్లో పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన వేడుక కోసం చేసినవి కావు. రేపు పొయ్యి ఎలా రాజుకుంటుందో తెలియని ఇళ్ళలో దీపం ఆర్పే ముందు చెప్పుకున్న మొర అది. క్లౌ కూడా వారితో ప్రార్థించి ఊరుకోలేదు. అవసరమైనచోట అధికారుల దగ్గరకు వెళ్ళి వారి తరఫున మాట్లాడేవారు.

ధాత కరువు

1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. నేటికీ ముసలివారి నోట ధాత కరువు అనే మాట వినిపిస్తుంది. మద్రాసు రాజధాని అంతటా చెరువులు ఎండాయి, పశువులు చచ్చాయి, గింజల ధర అందనంత ఎత్తుకు పోయింది. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణదేశంలో లక్షలాదిమంది మరణించారు. కూలి తప్ప వేరే ఆధారం లేని మాల మాదిగ పల్లెలే అందరికంటే ముందు కూలిపోయాయి.

సర్కారు కరువు పనిగా తీరం వెంట కాలువ తవ్వకం చేపట్టింది. పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో మద్రాసు వైపు కాలువను కలపడం ఆ పని. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి నిలిచింది. క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నారు. మతబోధకుడు కాంట్రాక్టరు కావడం చూసి కొందరు ముక్కున వేలేసుకొని ఉంటారు. కాని వేరేచోట కరువు పనుల్లో తమవారిని మేస్త్రీలు తిట్టి, కూలి కోస్తున్నారని ఆయన విన్నారు. తమ మనుషుల దగ్గర తామే ఉంటే ఆ బాధ ఉండదని అనుకున్నారు. తన లాభం కోసం ఆయన గుత్త పట్టలేదు.

కుర్రతనంలో నేర్చిన సర్వే విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. రాజుపాలెం దగ్గర తాటాకు పాకలతో శిబిరం వెలిసింది. బోధకులే మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద ఒక గుంపు. పలుగు, పార, తట్ట పట్టి ఎముకల గూళ్ళవంటి మనుషులు పనిలో దిగారు. కులం ఏదని అడగలేదు, ఏ దేవుణ్ణి మొక్కుతావని అడగలేదు. పని మధ్య విశ్రాంతికి కూర్చున్నప్పుడు బోధకులు వారికి క్రీస్తు కథ చెప్పేవారు, వారితో ప్రార్థించేవారు. కలరా సోకి శిబిరంలో చాలామంది చనిపోయారు. భయపడి పారిపోయినవారూ ఉన్నారు. అయినా పని ఆగలేదు, కాలువ పూర్తయింది.

పదిహేను నెలలు ఆపిన చేయి

క్లౌ జీవితంలో అందరూ గమనించవలసిన ఘట్టం ఇదే. కరువు రోజుల్లో వేలాదిమంది తమను సంఘంలో చేర్చుకోమని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. సుమారు పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. గంజికోసం వచ్చి చేరారన్న మాట పడకూడదనీ, వచ్చేవారు కూడా తమను తాము మోసగించుకోకూడదనీ ఆయన ఉద్దేశం. కడుపు నింపడం ఒకటి, నమ్మకం మరొకటి. మొదటిదానికి రెండోదాన్ని వెలగా అడగరాదని ఆయన గట్టిగా పట్టుకున్నారు. మిషనరీలకు లెక్కలు చూపవలసిన కాలంలో ఈ నిర్ణయం తీసుకోవడం తేలిక కాదు.

1878లో వానలు పడ్డాయి. ఆ ఏడు బహుధాన్య నామ సంవత్సరం. కరువు సాయం ముగింపుకు వచ్చింది. ఇక ఇచ్చేదేమీ లేదు కనుక బోధకులు మాత్రమే తనను కలవడానికి వెల్లంపల్లి రావాలని, జనాన్ని తేవద్దని క్లౌ కబురు పంపారు. వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో ఉంది. బోధకులు వచ్చారు. వారి వెనుక జనమూ వచ్చారు. తమకు డబ్బు వద్దు, సాయం వద్దు, కాయకష్టం చేసి బతుకుతాము, బాప్తిస్మం మాత్రం ఇమ్మని వారు అడిగారు. చేతిలో ఇవ్వడానికేమీ లేని రోజున వచ్చినవారిని ఇక కాదనడానికి క్లౌకు మనసొప్పలేదు.

ఒక్కొక్కరినీ బోధకులు విచారించారు. జులై 2న గుండ్లకమ్మ ఏట్లో 614 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మరునాడు, జులై 3న, 2222 మంది. జులై 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3536 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఈ పని నెరవేర్చారు. క్లౌ తాను నీటిలో దిగలేదు, గట్టుమీద ఉండి ఏర్పాట్లు చూశారు. ఆ ఏడాది చివరకు సంఖ్య 9606కు చేరింది. ఇరవై అయిదేళ్ళ కిందట అయిదుగురు కొండమీద వేడుకున్నదానికి ఇది జవాబని నాటి విశ్వాసులు భావించారు.

చివరి రోజులు

తరువాతి కాలంలో ఒంగోలు సంఘం ఇరవై వేల సభ్యులను దాటింది. ప్రపంచంలోనే పెద్ద బాప్తిస్టు సంఘంగా పేరుపొందింది. పల్లెపల్లెకూ బడి వెళ్ళింది. అక్షరం ముఖం చూడని ఇళ్ళ పిల్లలు పలక పట్టారు. 1893లో హేరియెట్ దొరసాని మరణించారు. మరుసటి ఏడు క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడారు. పేరయ్య వంటి మాదిగ పెద్దల జీవితాలను గ్రంథస్థం చేసినది ఆమే. ముసలితనంలో జబ్బుపడి క్లౌ అమెరికా తిరిగివెళ్ళి, 1910 నవంబరులో రోచెస్టర్ నగరంలో కన్నుమూశారు. ఆయన వయసు 74 సంవత్సరాలు. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది. జూయెట్ దొర పేరిట ప్రార్థనామందిరం నిలిచింది.

క్లౌ దొర వలన అన్ని బాధలూ తీరాయని చెప్పడానికి వీల్లేదు. ఆయన పోయిన తరువాత కూడా పల్లెల్లో అంటరానితనం చాలా కాలం సాగింది. కాని దిక్కులేనివారు తమకూ ఒక దేవుడున్నాడని, తమ మొర వినేవాడున్నాడని తలెత్తి నిలబడడం మొదలైంది మాత్రం ఆ రోజుల్లోనే.

వాన రాని ఏడు మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు. అటువంటి కష్టం వచ్చినప్పుడు కొందరు దేవుణ్ణి తిట్టుకుంటారు, కొందరు దేవుడే చూసుకుంటాడని చాప పరచుకుంటారు. క్లౌ, పేరయ్య పట్టిన దారి ఈ రెండూ కాదు. పొద్దున మోకరించారు, ఆపైన పార పట్టారు, సాయంత్రం మళ్ళీ మోకరించారు. బకింగ్‌హాం కాలువలో ఈనాడు సరుకు పడవలు తిరగడం లేదు. అయినా ఆ గట్టున నడిచేవారు, ఆ మట్టి ఎత్తిన చేతులను ఒకసారి తలచుకోవడం మంచిది.